కరెంటు పోయిన ఇల్లు, వాన, గేటు దగ్గర మనిషి: మీ సీనుకి లైటు, సౌండు, సీజీ లెక్కలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కథ రాజమండ్రిలో, షూటింగ్ చెన్నై సాలిగ్రామంలో ఒక పాత డాబా ఇంట్లో. రాత్రి, వాన. కరెంటు పోతుంది. తల్లి కొవ్వొత్తి వెలిగించి కొడుకు కోసం ఎదురు చూస్తుంటుంది. మెరుపులో గేటు దగ్గర ఎవరో నిలబడి కనిపిస్తారు, తర్వాతి మెరుపులో ఎవరూ ఉండరు. చేతిలో ఉన్నవి ఒక మిర్రర్‌లెస్ కెమెరా, 300 వాట్లదొకటి, 60 వాట్లదొకటి ఎల్ఈడీ లైట్లు, ఒక షాట్‌గన్ మైకు (ఎదురుగా ఉన్న చప్పుడునే ఎక్కువగా పట్టే పొడవాటి మైకు), ఒక కాలర్ మైకు. ఉన్నది ఒక్క రాత్రి. టెస్ట్ తీస్తే ఫుటేజీ బురదగా, గింజలు గింజలుగా వచ్చింది. గేటు దగ్గర మనిషిని గ్రీన్‌మ్యాట్‌లో (పచ్చ తెర ముందు) తీసి అతికిద్దామనుకుంటున్నారు. సౌండు ఎలాగూ డబ్బింగే కదా, తర్వాత చూసుకుందాం అంటున్నారు.

చివరి రెండిటికీ ముందు జవాబు చెప్తాను. గ్రీన్‌మ్యాట్ అక్కర్లేదు. సౌండు మాత్రం తర్వాతకి వాయిదా వెయ్యకండి. ఈ సీనులో చీకటి ఎంతసేపు ఉండాలో తేల్చేది ఉరుము. అది షూటింగ్‌కి ముందే తేల్చుకోకపోతే ఎడిటింగ్‌లో కూర్చున్నాక చీకటి ఫ్రేములు చాలవు, అప్పుడు ఉన్న షాటునే సాగదీస్తారు.

ఒక కాగితం మధ్యలో గీత గీసి ఒక పక్క ‘చెవి’, ఇంకో పక్క ‘కన్ను’ అని రాయండి. ప్రేక్షకుడికి ఏ సంగతి ఎటు నుంచి తెలియాలో వరసగా నింపండి. ఒకే సంగతిని రెండు పక్కలా ఒకేసారి రాశారంటే సీను అక్కడ చప్పబడుతుంది. గేటు గొళ్లెం చప్పుడూ, గేటు దగ్గర మనిషీ ఒకే క్షణంలో వస్తే అది కేవలం సమాచారం. వానలో గొళ్లెం చప్పుడు ముందు వినిపించి, ఆమె తల తిప్పి, మూడు సెకన్లు ఏమీ కనబడక, అప్పుడు మెరిస్తే భయం. లైటు ఎక్కడ పెట్టాలి, సీజీ (కంప్యూటర్‌లో చేసే బొమ్మ పని) ఎంత కావాలి అనేవి ఈ కాగితం నిండాకే తేలతాయి.

కరెంటు పోయే క్షణాన్నే తీసుకుందాం. చాలామంది ఇక్కడ లైటు ఆర్పేసి, కీచురాళ్ల సౌండు పెట్టేసి ముందుకెళ్లిపోతారు. నిజంగా మన ఇళ్లల్లో కరెంటు పోతే ఏమవుతుందో చెవితో చూడండి. ఫ్రిజ్ గుర్రుమనడం ఠక్కున ఆగుతుంది. ట్యూబ్‌లైటు చోక్ చేసే సన్నటి రొద ఆగుతుంది. ఆ రెండూ అంతసేపూ ఉన్నాయని అవి ఆగాకే తెలుస్తుంది. ఫ్యాను మాత్రం వెంటనే ఆగదు. గాలి చప్పుడు తగ్గుతూ తగ్గుతూ, రెక్కల కింద దాక్కున్న బేరింగు టిక్కుటిక్కుమనడం బయటపడి, అదీ నెమ్మదించి, చివరికి ఒక్క టిక్కుతో ఆగిపోతుంది. పాత ఫ్యానైతే ఇదంతా పావు నిమిషం పైనే పడుతుంది. ఆ పావు నిమిషంలో బయటి వాన దానంతటదే ముందుకొస్తుంది. మిక్స్‌లో వాన ఫేడర్ (సౌండు పెంచే, తగ్గించే మీట) మీరు 2, 3 డెసిబెల్స్ పైకి తోస్తే చాలు, చెవి మిగతాది తనే చేసుకుంటుంది. అంతా సద్దుమణిగాక ఒక్కసారి బల్లి పలికించండి. తెలుగు ప్రేక్షకుడికి ఆ చప్పుడుకి అర్థం చెప్పక్కర్లేదు. ఒక్కసారే, రెండోసారి పలికిస్తే నవ్వులాట అవుతుంది.

దీనికి కావాల్సింది లొకేషన్‌లోనే రికార్డు చేసుకోవాలి. ఫ్యాను ఫుల్ స్పీడులో తిరుగుతుండగా స్విచ్ ఆపి, పూర్తిగా ఆగేదాకా ఎవరూ కదలకుండా మూడుసార్లు తీసుకోండి. మైకు ఫ్యానుకి రెండడుగుల దూరంలో, రెక్కల గాలి సూటిగా తగలకుండా పక్కకి పెట్టాలి. సౌండ్ లైబ్రరీలో దొరికే ఫ్యాను సౌండ్లు మన ఉషా, క్రాంప్టన్ పాత ఫ్యాన్లలా ఉండవు.

ఇక లైటు. కరెంటు పోక ముందు గదిలో ట్యూబ్‌లైటు ఉంది కాబట్టి మొదటి జాగ్రత్త షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం. మన కరెంటు 50 హెర్ట్జ్, చోక్ ఉన్న ట్యూబు సెకనుకి 100 సార్లు మిణుకుమంటుంది. సెకనుకి 24 ఫ్రేముల్లో షట్టర్ 1/50 సెకను పెడితే (యాంగిల్‌లో 172.8 డిగ్రీలు) ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు మిణుకులు పడతాయి, సమస్య ఉండదు. 1/60 పెడితే ఒకటిన్నర పైన పడి, సెకనుకి 4 సార్లు బొమ్మ ఎగిసిపడినట్టు కనిపిస్తుంది. డీఐలో (ఎడిటింగ్ తర్వాత రంగు, వెలుగు సరిచేసే దశలో) దీన్ని తియ్యడం పెద్ద తలనొప్పి. చవకరకం ఎల్ఈడీ బల్బులు వేరే లెక్కలో మిణుకుతాయి. ఫోన్‌లో 240 ఫ్రేముల స్లోమోషన్‌లో తీసి చూస్తే గీతలు బయటపడతాయి, అలాంటి బల్బు మార్చేయండి.

మీ ఫుటేజీ గింజలుగా ఎందుకొచ్చిందో చెప్పడానికి కొంచెం లెక్క కావాలి. ఒక మామూలు కొవ్వొత్తి అడుగు దూరంలో ఉన్న ముఖం మీద దాదాపు 1 ఫుట్‌క్యాండిల్ (వెలుగు కొలత) వెలుగు వేస్తుంది. షట్టర్ 1/50, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, లెన్సు ఎఫ్ 2.8 (ఈ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెలుగు లోపలికొస్తుంది) ఉంటే సరైన ఎక్స్‌పోజర్‌కి 100 ఫుట్‌క్యాండిల్స్ కావాలి. అంటే కొవ్వొత్తి ఒక్కదానితో తియ్యాలంటే ఎఫ్ 2.8లో ఐఎస్ఓ 10,000, ఎఫ్ 2లో 5,000, ఎఫ్ 1.4లో 2,500. రాత్రి సీను కాబట్టి ముఖం రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది) తక్కువున్నా అందంగానే ఉంటుంది, అప్పుడు ఎఫ్ 2లో 1250 సరిపోతుంది. ముఖం వరకు ఇబ్బంది లేదు. ఇబ్బందంతా వెనక గోడతో. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. కొవ్వొత్తికి ఆరడుగుల దూరంలో ఉన్న గోడకి అందేది ముప్పై ఆరో వంతు, అంటే ముఖం కంటే అయిదు స్టాపులు కింద. అసలే ముఖం తక్కువలో ఉంది, గోడ ఇంక సెన్సర్ అడుగున నాయిస్‌లో, అంటే ఆ గింజల్లో, కలిసిపోయింది. తర్వాత ‘మరీ చీకటిగా ఉంది’ అని డీఐలో షాడోలు పైకి లాగారు. పైకి వచ్చింది గోడ కాదు, నాయిస్.

కాబట్టి చీకటి గోడకి కూడా కాస్త వెలుగు వెయ్యాలి. దాన్ని డీఐలో కిందికి దించుకోవచ్చు. దించితే నాయిస్ అణుగుతుంది, ఎత్తితే లేస్తుంది. వేవ్‌ఫామ్ (వెలుగుని 0 నుంచి 100 దాకా చూపే గ్రాఫు) పెట్టుకుని చూస్తే, లాగ్‌ని (కెమెరా చప్పగా రాసుకునే ఫుటేజీని) మామూలు బొమ్మగా మార్చాక ముఖంలో వెలుగు పడే పక్క 35, 40 దగ్గర, వెనక గోడ 8, 10 దగ్గర ఉండాలి. పూర్తి నలుపు ఫ్రేములో ఎక్కడో ఒక మూల ఉంటే చాలు. కంటికి ఒక నలుపు, ఒక తెలుపు పోలికగా దొరికితే మిగతాదంతా చీకటిగానే నమ్ముతుంది.

ఆ వెలుగు ఎక్కడి నుంచి రావాలి? ఇక్కడే సీరియల్ లుక్ పుట్టేది. కిటికీలోంచి ముదురు నీలం వేసేస్తారు. వెన్నెల అంటే మనకి కెమెరామన్ మార్కస్ బార్ట్లే, 1957లో ‘మాయాబజార్’కి, మీ సాలిగ్రామం పక్కనే వడపళనిలో వాహినీ స్టూడియో ఉన్న రోజుల్లో, కంప్యూటర్లు లేకుండా కెమెరాతోనే సాధించిన వెన్నెల. కానీ మీ సీనులో వాన పడుతోంది, చంద్రుడు లేడు. వీధిలో కూడా కరెంటు లేదు. ఉన్నదల్లా మబ్బులోంచి దిగే మసక వెలుగు. అది మెత్తగా, దిక్కు తెలియకుండా, కొద్దిగా చల్లగా ఉండాలి. కెమెరా వైట్ బ్యాలెన్స్ (ఏ రంగు వెలుగుని తెలుపుగా చూడాలో చెప్పేది) 3800 కెల్విన్‌లో (అంకె పెరిగితే నీలం, తగ్గితే నారింజ) స్థిరంగా పెట్టి, బయటి లైటు 4800, 5000 దగ్గర ఉంచితే ఆ మాత్రం చల్లదనం వస్తుంది. కిటికీ బయట నాలుగడుగుల తెల్ల బట్టో థర్మోకోల్ షీటో కట్టి, లైటుని దాని మీదకి కొట్టి, తిరిగి వచ్చిన వెలుగుని లోపలికి రానివ్వండి.

మీ 300 వాట్ల లైటు మెరుపుకి కావాలి, రెండు పనులూ దానితో కుదరవు. మబ్బు వెలుగుకి హార్డ్‌వేర్ షాపులో దొరికే 50 వాట్ల ఎల్ఈడీ ఫోకస్ లైటు చాలు. మిణుకు పరీక్ష చేసి, రెండు పొరల బటర్ పేపర్ వేసుకోండి. అది వేడెక్కుతుంది, కాగితం అద్దానికి అంటకుండా జానెడు దూరంలో కట్టండి.

60 వాట్ల లైటు కొవ్వొత్తికి తోడు. 2700 కెల్విన్‌కి దించి హాఫ్ సీటీఓ జెలటిన్ (వెలుగుని నారింజకి తిప్పే పల్చటి షీటు) వేస్తే 2100 దరిదాపుకి వస్తుంది, మంట రంగుకి దగ్గర. కొవ్వొత్తి ఉన్న వైపు నుంచే, ఫ్రేముకి కాస్త బయట, మంట ఎత్తులోనే ఉండాలి. ఇందులో దొరికిపోయే తప్పు ఒకటుంది: కొవ్వొత్తి నీడ. మీ దొంగ లైటు కొవ్వొత్తి మీద కూడా పడితే, వెలుగునిచ్చే వస్తువుకే గోడ మీద నీడ పడుతుంది. ప్రేక్షకుడు అది ఫలానా అని చెప్పలేడు గానీ ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది. చిన్న నల్ల అట్టముక్క కట్టర్‌లా పట్టి లైటుని కొవ్వొత్తి మీద పడకుండా కొయ్యండి. రెండోది ఎత్తు. కొవ్వొత్తి బల్ల మీద ఉంటే వెలుగు గడ్డం కింద నుంచి కొట్టి తల్లి దెయ్యంలా ఉంటుంది. గోడలో దీపపు గూడు ఉంటే అందులో పెట్టించండి, కంటి ఎత్తుకి వస్తుంది. లేకపోతే తలుపు పక్క స్టూలు మీద డబ్బా ఎత్తు పెట్టండి. ఆమె కొవ్వొత్తి పట్టుకుని నడిచే షాటులో లైటు కూడా కర్రకి కట్టి మనిషి పట్టుకుని నడవాలి. లైటు స్థిరంగా ఉండి కొవ్వొత్తి నడిస్తే గోడ మీద నీడలు అబద్ధం చెప్తాయి.

మంట ఊగడం గురించి ఒక్క మాట. లైటులో క్యాండిల్ ఎఫెక్ట్ ఉంది కదా అని ఆన్ చేసి వదిలెయ్యకండి. తలుపులు మూసిన గదిలో మంట నిలకడగానే వెలుగుతుంది. తలుపు తెరిచినప్పుడు, ఆమె విసురుగా తిరిగినప్పుడు మాత్రం ఊగాలి, అదీ అర స్టాపు లోపు. ఆ ఊపుతో పాటే గాలి చప్పుడు ఉండాలి. ఇవి రెండూ కలిసినచోట కన్నూ చెవీ ఒకటే చెప్పినా ఫర్వాలేదు, ఎందుకంటే అక్కడ చెప్తున్నది కథ కాదు, వాతావరణం.

మెరుపుకి వద్దాం. 300 వాట్ల లైటుకి సాఫ్ట్‌బాక్స్ (వెలుగుని మెత్తబరిచే గుడ్డ డబ్బా) తీసేసి, కిటికీకి 10, 12 అడుగుల దూరంలో, తల ఎత్తుకి పైన పెట్టండి. దూరం ఎంత ఉంటే కిటికీ ఊచల నీడ గోడ మీద అంత పదునుగా, సమంగా పడుతుంది. రెండడుగుల దూరంలో పెడితే ఊచలు విసనకర్రలా విచ్చుకుని పడతాయి, బయట లైటు పెట్టారని తెలిసిపోతుంది. మెరుపు గోడ మీద పడినచోట ముఖం కంటే 2, 3 స్టాపులు ఎక్కువుండాలి. కొంచెం కాలిపోయినా మంచిదే.

ఫోటోలకి వాడే ఫ్లాష్ మాత్రం వాడకండి. ఈ కెమెరాల సెన్సర్ బొమ్మని పైనుంచి కిందకి వరస వరసగా చదువుతుంది, చాలా మిర్రర్‌లెస్‌లలో దానికి 20 మిల్లీసెకన్ల వరకు పడుతుంది. ఫ్లాష్ వెలిగేది ఒక మిల్లీసెకను లోపే. ఫలితంగా చాలాసార్లు ఫ్రేములో ఒక పట్టీ మాత్రమే తెల్లగా మెరిసి మిగతాది చీకటిగా ఉంటుంది. ఎల్ఈడీని చేత్తో ఆన్, ఆఫ్ చేస్తూ ఒక వరస అనుకోండి: 2 ఫ్రేములు వెలుగు, 1 చీకటి, 4 ఫ్రేములు ఇంకా ఎక్కువ వెలుగు, తర్వాత 6 ఫ్రేముల్లో తగ్గిపోవడం. చేత్తో ఇంత కచ్చితంగా రాదు, కాస్త నిడివిగా ఇవ్వండి, ఎడిటింగ్‌లో కోసుకోవచ్చు. మొదలయ్యే ఫ్రేములో సగం బొమ్మే వెలిగితే ఆ ఒక్క ఫ్రేము తీసేసి పక్కదాన్ని రెండుసార్లు పెట్టండి. లైటులోని ఆటోమేటిక్ మెరుపు ఎఫెక్ట్ ఒక్కో టేకులో ఒక్కోలా మెరుస్తుంది, షాటుకీ షాటుకీ కలవదు.

ఉరుము దూరాన్ని చెప్తుంది. శబ్దం సెకనుకి 340 మీటర్లు, అంటే మెరుపుకీ ఉరుముకీ మధ్య 3 సెకన్లుంటే పిడుగు కిలోమీటరు దూరంలో పడినట్టు. మొదటి మెరుపుకి 4 సెకన్లు, గేటు దగ్గర మనిషి కనిపించే రెండోదానికి 2 సెకన్లు, ఖాళీ గేటు కనిపించే మూడోదానికి అర సెకను. ఎవరూ లెక్కపెట్టరు, కానీ ఏదో దగ్గరికొస్తోందని ఒళ్లు చెప్తుంది. ఇప్పుడు చూడండి, రెండో మెరుపు తర్వాత 48 ఫ్రేముల చీకటి కావాలని ఉరుమే తేల్చింది. ఆ 48 ఫ్రేములూ కెమెరాలో పడి ఉండాలి. మెరుపు అయిపోగానే ‘కట్’ చెప్పే అలవాటుంటే ఆ రాత్రికి మానుకోండి, ప్రతి మెరుపు తర్వాతా మనసులో పది లెక్కపెట్టి చెప్పండి.

వాన ముందు నుంచి లైటు వేస్తే కనపడదు. చినుకు గాజు లాంటిది, వెనక నుంచో వెనక పక్క నుంచో వెలుగు పడితేనే మెరుస్తుంది, దాని వెనక నలుపు ఉంటేనే తెలుస్తుంది. ట్యాంకర్ పిలిచే బడ్జెట్ లేదన్నారు కాబట్టి: పదడుగుల పీవీసీ పైపుకి రెండేసి అంగుళాలకి ఒకటి చొప్పున ఒకటిన్నర మిల్లీమీటర్ల బెజ్జాలు వేసి, ఒక చివర మూసి, కిటికీ సన్‌షేడ్‌కి రెండడుగుల ముందు కట్టండి. అర హార్స్‌పవర్ మోటారు నిమిషానికి 30, 40 లీటర్లు తోస్తుంది. 500 లీటర్ల ట్యాంకు దాదాపు పావుగంట వస్తుంది. కింద టబ్బులు పెట్టి ఆ నీళ్లనే మళ్లీ ట్యాంకులో పోసుకుంటే రాత్రంతా గడుస్తుంది. బెజ్జాలు ఒకే వరసలో ఉంటే వాన దువ్వెన పళ్లలా పడుతుంది, అటూ ఇటూ తప్పించి వెయ్యండి. బయట నేల, గోడ, గేటు ముందే తడిపి ఉంచండి. పొడి గచ్చు మీద వాన ఎవరూ నమ్మరు, తడి నేల మీద మెరుపు రెట్టింపు కనిపిస్తుంది. పైపు కింద లైటు వైర్లు, జంక్షన్ బాక్సులు ఏవీ నేల మీద ఉండకూడదు. స్టూలు మీదకి ఎత్తి, ప్లాస్టిక్ సంచి చుట్టి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఠక్కున ఆపేసే స్విచ్) ఉన్న లైను నుంచే కరెంటు తీసుకోండి. ఇది చిన్న యూనిట్లు వదిలేసే జాగ్రత్త, వదిలెయ్యకూడనిది.

ఇక గేటు దగ్గర మనిషి. కెమెరా ట్రైపాడ్ మీద బిగించి, కాళ్లకి ఇసుక మూటలు వేసి, స్టెబిలైజేషన్ (కుదుపు తగ్గించే సెట్టింగు) ఆపేసి, ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ అన్నీ మాన్యువల్‌లో కట్టేసి, మనిషి ఉండగా మెరుపు ఒకసారి, లేకుండా ఒకసారి తియ్యండి. మధ్యలో ఉన్న చీకటి ఫ్రేముల్లో కోసి అతికిస్తే అయిపోయింది. వాన ప్రతిసారీ వేరేగా పడుతుంది కాబట్టి అతుకు అస్సలు తెలియదు. ఇందులో కంప్యూటర్ పని సున్నా. స్టెబిలైజేషన్ ఆపడం మరిచిపోతే మాత్రం సెన్సర్ కొద్దిగా జరిగి, గేటు ఒక వెంట్రుకవాసి పక్కకి దూకుతుంది, ప్రేక్షకుడి కన్ను మనిషిని వదిలేసి గేటుని పట్టుకుంటుంది.

గ్రీన్‌మ్యాట్ ఎందుకొద్దన్నానంటే, తడిసిన జుట్టు, తడిసిన చొక్కా, చినుకులు అన్నీ ఆ పచ్చరంగుని అద్దంలా పట్టుకుంటాయి. మీ కెమెరా మామూలు మోడ్‌లో రంగుని నాలుగు పిక్సెల్స్‌కి ఒకసారి మాత్రమే రాసుకుంటుంది, అంచులు మెట్లు మెట్లుగా తెగుతాయి. అన్నిటికంటే ముఖ్యం, ఆ మనిషి మీద పడాల్సిన మెరుపు, నేల మీద పడాల్సిన అతని నీడ కంప్యూటర్‌లో పుట్టించాలి. మెరుపు తీగ ఆకాశంలో కంప్యూటర్ ఎంతైనా గీస్తుంది. దాని వెలుగు మొహం మీద, తడి నేల మీద పడటం సెట్లోనే జరగాలి. సీజీ తేలిపోయినట్టు ఉందని మనం తిట్టుకునే షాట్లలో సగానికి పైగా తప్పు సీజీ వాళ్లది కాదు, షూటింగ్‌లో ఆ వెలుగు వెయ్యనివాళ్లది.

మీకు సీజీ అవసరమయ్యేది ఇంకోచోట. కథ రాజమండ్రి, గేటు అవతల ఎదురింటి గోడ మీద తమిళ బోర్డు. ముందు దాన్ని ఫ్రేములోంచి తప్పించే కోణం వెతకండి, లేదా ఇంటివాళ్లనడిగి నల్లగుడ్డ కప్పండి. వీధిలో టీఎన్ నంబరు బండ్లు ఉంటే వాటి మీద బరకం కప్పితే సరి, వానలో అది సహజంగానే ఉంటుంది. అయినా ఏదో మిగిలితే, కదలని షాటైతే చెరపడం తేలిక: గోడ శుభ్రంగా ఉన్న భాగాన్ని అతికించి, దాని పైన వాన పొర వెయ్యాలి. అందుకోసం వెనక నలుపు ఉండేలా వాన మాత్రమే పది సెకన్లు విడిగా తీసి పెట్టుకోండి. చేత్తో పట్టుకుని తీసిన షాటైతే ట్రాకింగ్ (కెమెరా కదలికకి తగ్గట్టు ముక్కని జరపడం), ఒక రోజు పని. అతికించిన ముక్కలో రెండు చూడాలి. మొదటిది నలుపు: లాగ్ ఫుటేజీలో నలుపు అనేది సున్నా దగ్గర ఉండదు, కాస్త పైన బూడిదగా ఉంటుంది, అతికించిన ముక్క నలుపు సున్నాలో ఉంటే కన్నం పెట్టినట్టుంటుంది. రెండోది గింజ: చుట్టూ నాయిస్ కదులుతుంటే ముక్క మాత్రం నున్నగా ఉండకూడదు, అదే కెమెరా నాయిస్ దాని మీద కూడా చల్లాలి.

లొకేషన్ సౌండుకి ఆ వీధిలోనే చిక్కుంది. కూరగాయల బండి అరుపు, పక్కింటి టీవీ, ఆటోవాలా మాట, అన్నీ తమిళంలో. డైలాగ్ వెనక చిన్నగా వినిపించినా రాజమండ్రి అక్కడే కూలిపోతుంది. తెలుగు ప్రేక్షకుడు చెన్నైలో డబ్బింగైన సినిమాలు ఇన్నేళ్లు విని విని దీన్ని ఇట్టే పట్టేస్తాడు. తమిళుల ఆడి మాసంలో అమ్మవారి గుళ్ల మైకులు రాత్రిదాకా, మార్గళిలో తెల్లవారుజామునే మొదలవుతాయి, డేట్లు వేసుకునేటప్పుడు చూసుకోండి. సింక్ సౌండ్ (షూటింగ్‌లోనే రికార్డయ్యే మాట) తీసే షాట్లన్నీ రాత్రి 1 నుంచి 4 మధ్య పెట్టుకోవడం మేలు.

మీ షాట్లని రెండు కుప్పలు చెయ్యండి. కిటికీ బయట వాన కనిపించేవి ఒక కుప్ప. వీటిలో పైపు నీళ్ల చప్పుడు, మోటారు చప్పుడు డైలాగుని మింగేస్తాయి, ఎలాగూ డబ్బింగే. మోటారుని పెరట్లో పాత టైరు మీద పెట్టి యాభై అడుగుల గొట్టం లాగినా పైలట్ ట్రాక్‌కి (డబ్బింగ్‌లో ఆధారంగా వినే రికార్డింగ్‌కి) పనికొచ్చేంత మాత్రమే ఉంటుంది. కిటికీ ఫ్రేములో లేని క్లోజప్పులు, తల్లి సణుగుడు, నిట్టూర్పు ఉన్నవి రెండో కుప్ప. వీటికి మోటారు ఆపేసి లైవ్‌గా తీసుకోండి. చీకట్లో వయసు మళ్లిన మనిషి ఊపిరిని మూణ్నెల్ల తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో మైకు ముందు నిలబెట్టి రప్పించడం కష్టం.

మొజాయిక్ గచ్చు, వట్టి గోడలున్న గదిలో షాట్‌గన్ మైకు డబ్బాలో మాట్లాడినట్టు పట్టుకుంటుంది. అద్దెకి దొరికితే గది లోపలికి హైపర్‌కార్డియాయిడ్ మైకు (ముందువైపు చప్పుడునే ఎక్కువగా పట్టే చిన్న మైకు) తెచ్చుకోండి. లేకపోతే ఫ్రేములో పడని గోడలకి బొంతలు, దుప్పట్లు వేలాడదీసి, కింద జంపఖానా పరిచి, మైకుని తలకి ఒకటిన్నర, రెండడుగుల పైనుంచి గుండెల వైపు చూపించండి. రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మాట శిఖరాలు మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర. తల్లికి గంజి పెట్టిన నూలుచీర కట్టించకండి, కాలర్ మైకు నిండా గరగరే వస్తుంది. నాలుగైదుసార్లు ఉతికిన మెత్తటి చీర అడగండి. గాజుల మధ్య లోపలివైపు కనపడకుండా చిన్న టేపు ముక్క వేసి కలిపేస్తే మాటల మధ్య గలగల ఉండదు. ఆ గలగల ఫోలీలో (తర్వాత విడిగా చేర్చే చప్పుళ్లలో), ఆమె కొవ్వొత్తి ఎత్తే ఒక్కచోట వెయ్యండి. అంతవరకు లేని చప్పుడు అక్కడ వినిపిస్తే చెయ్యి వణుకుతోందని చూపించక్కర్లేదు.

డబ్బింగ్ గొంతు ఆ గదిలోనిది కాదని తెలిసిపోవడానికి కారణం ప్రతిధ్వని. దానికి తేలిక ఉపాయం: ఆ గదిలోనే బెలూను పగలగొట్టి, దాని మోత పూర్తిగా చచ్చేదాకా రికార్డు చేసుకోండి. బొంతలు తీసేశాక, అసలు గదిలో. కన్వల్యూషన్ రివర్బ్‌లో (ఒక గది ప్రతిధ్వనిని గొంతుకి అద్దే సాఫ్ట్‌వేర్‌లో) ఆ ఫైలు వేస్తే డబ్బింగ్ గొంతు ఆ గచ్చు మీదే నిలబడుతుంది. లాంగ్ షాటులో రివర్బ్ పెంచి, క్లోజప్‌లో తగ్గించండి. రెండిటికీ ఒకేలా ఉంచితే రేడియో నాటకంలా ఉంటుంది.

మిక్స్‌లో వానని ఒకే ట్రాకుగా వెయ్యకండి. దూరపు హోరు ఒకటి, సన్‌షేడ్ మీద పడేది ఒకటి, గొట్టంలోంచి రాతి మీద కారేది ఒకటి, అరటాకు మీద టపటపలు ఒకటి. కిటికీ మూసి ఉన్నప్పుడు 2500 హెర్ట్జ్ పైన కోసెయ్యండి, తెరవగానే మొత్తం వదలండి. తెరిచిన ఆ క్షణమే మీకు పెద్ద ఎఫెక్ట్. వాన హోరు మాటల్లోని స, చ, ట అక్షరాలని తినేస్తుంది, కాబట్టి డైలాగ్ ఉన్నచోట వానలో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 3, 4 డెసిబెల్స్ తగ్గించండి, మొత్తం వానని తగ్గించడం కంటే ఇది వినసొంపు. జోరువానలో కీచురాళ్లు, కుక్కలు వెయ్యకండి, ఆ వానకి ఏవీ బయటికి రావు, వచ్చినా వినపడవు. వాన తగ్గాక కప్పలు. గోదావరి వంతెన మీద రైలు దడదడ ఊరిని ఒక్క చప్పుడుతో చెప్పేస్తుంది, అయితే వాన మొదలవక ముందే వెయ్యాలి. ఇక ఆర్ఆర్ (నేపథ్య సంగీతం): మ్యూజిక్ డైరెక్టర్ గొళ్లెం చప్పుడు కిందే తీగలు మొదలెడతానంటారు. మూడో మెరుపు దాకా ఖాళీ అడగండి.

మీది యూట్యూబ్‌కి కాబట్టి మొత్తం లౌడ్‌నెస్ మైనస్ 14 లఫ్స్ (సౌండు ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర ఉంచండి. అంతకంటే గట్టిగా ఇస్తే వాళ్లే తగ్గిస్తారు. ఫోన్ స్పీకర్లో 150 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ రాదు. ఉరుమంతా ఆ అడుగునే ఉంటే ఫోన్‌లో చూసేవాడికి మెరుపు మాత్రమే మిగులుతుంది. ఉరుములో 300 నుంచి 800 హెర్ట్జ్ మధ్య నిండైన మోత, 2000 పైన మొదటి పెటపెట ఉండేలా ఇంకో పొర కలపండి. ఫిల్మ్ ఫెస్టివల్స్‌కి థియేటర్లో వేస్తే అది వేరే మిక్స్, 85 డెసిబెల్స్‌కి సరిచేసిన గదిలో కూర్చుని చెయ్యాలి, ఈ ఫైలునే పంపకండి.

రాత్రి వరస ఇలా పెట్టుకోండి. చీకటి పడగానే ట్యూబ్‌లైటు షాట్లు, ఫ్యాను ఆగే షాటు. 9 నుంచి 1 దాకా నీళ్ల షాట్లు, వాటిలో గేటు రెండు పాసులూ ముందు, ట్రైపాడ్ ఇంకెవరూ ముట్టకముందే. 1కి మోటారు ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు పీకి, మీ బైకు తాళం ఆ ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంటికెళ్లేటప్పుడు తాళం కోసం తెరుస్తారు, ప్లగ్గు గుర్తొస్తుంది, ఇంటివాళ్ల పాలు విరగవు. 1 నుంచి 4 దాకా లైవ్ క్లోజప్పులు. 4 తర్వాత గది సౌండు ఒక్కో నిమిషం: కిటికీ మూసి, తెరిచి. ఆపైన గొళ్లెం, తలుపు, అగ్గిపుల్ల, గాజులు అడుగు దూరం నుంచి మూడేసి సార్లు. బెలూను చివర్న, పక్కింటివాళ్లకి రాత్రే చెప్పి ఉంచి.